చీటీ లేకుండా కంటి చుక్కలు వద్దు!

ఉస్మాన్‌గంజ్ హమాలీలకు, వ్యాపారులకు, మందుల దుకాణదారులకు విజ్ఞప్తి



లారీ మీంచి బస్తా దించుతుంటే పప్పుల పొట్టు, ధనియాల దుమ్ము కంట్లో పడుతుంది. చెమట తువ్వాలతోనే నలుపుకుంటాం. పొద్దుగూకే సరికి కన్ను ఎర్రబడితే మందుల దుకాణంలో "చుక్కలివ్వు భాయ్" అంటాం. ఆ సీసాలో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటే ఎరుపు ఇట్టే తగ్గుతుంది. లోపల ఫంగసో, హెర్పిస్ వైరసో ఉంటే మాత్రం ఇంకా ముదిరి, నల్లగుడ్డు పుండుపడి చూపే పోవచ్చు. నెలల తరబడి వాడితే గ్లాకోమా, శుక్లం కూడా రావచ్చు.

ఎర్రబడ్డ ప్రతి కంటికీ ఒకే మందు పనికిరాదు.

కండ్ల కలక: 2023 వానాకాలంలో నగరమంతా పాకింది. ఎక్కువగా వైరస్ వల్లే వస్తుంది, ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. ఎదుటివారి కళ్లలోకి చూస్తే అంటదు. చేతులు, తువ్వాలు, దిండు గలీబుల ద్వారా అంటుతుంది. చిక్కటి చీము కారుతుంటే బాక్టీరియా కావచ్చు. దురదే ఎక్కువైతే ఎలర్జీ.

కంటి కురుపు: వేడినీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డతో పది నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు కాపడం పెట్టండి. కురుపును చిదమకండి.

తల్లిపాలు, ఆముదం, ఆకుపసరు కంట్లో పోయకండి.

కన్ను బాగా నొప్పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా ఆ రోజే మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికి వెళ్లండి. ఫ్లోరెసిన్ చుక్క వేసి నీలి వెలుతురులో చూస్తే పుండు పచ్చగా మెరుస్తుంది. దాన్ని కొద్దిగా గీకి మైక్రోస్కోపు కింద పెడితే బాక్టీరియానో ఫంగసో బయటపడుతుంది. ఇంత పరీక్ష చేస్తేగాని తేలని రోగానికి కౌంటర్ మీద మందెలా ఇస్తారు?

మా కోర్కెలు:

1. డెక్సామెథసోన్ షెడ్యూల్ హెచ్ మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మడం చట్టవిరుద్ధం. ఔషధ నియంత్రణ అధికారులు గంజ్ చుట్టుపక్కల దుకాణాలను తనిఖీ చేయాలి.

2. వ్యాపారులు కుళాయి, సబ్బు, దుమ్ము ఆపే కళ్లద్దాలు ఏర్పాటు చేయాలి. కండ్ల కలక వచ్చిన హమాలీకి కూలి కోయకుండా సెలవివ్వాలి.

3. మెహదీపట్నం వెళ్తే ఆ పూట కూలి పోతుంది. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు పథకం కింద డాక్టర్లు ఊరూరికీ వెళ్లారు. అలాగే ప్రభుత్వం వారానికో రోజు కంటి డాక్టరును గంజ్‌కు పంపాలి.

ఈ కోర్కెల కింద సంతకం పెట్టండి. పక్కవారితోనూ పెట్టించండి. కన్ను ఎర్రబడితే ముందు డాక్టరు, ఆ తర్వాతే మందుల దుకాణం!