మన్రోలప్ప సమాధి చెన్నైలో ఉంది

చెన్నై సెయింట్ జార్జ్ కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి వెళ్లినవాళ్లకు ముందుగా వినిపించేవి రెండు పెళ్లి కబుర్లు. 1753లో రాబర్ట్ క్లైవ్ పెళ్లాడింది ఇక్కడే. అంతకు ముందు, 1680లో, ఈ చర్చిలో జరిగిన మొదటి పెళ్లి ఎలిహు యేల్‌ది. ఆయన తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. సొంత లాభం చూసుకున్నాడన్న ఆరోపణలతో 1692లో పదవి పోగొట్టుకున్నాడు. ఆపైన అమెరికాలో ఓ కాలేజీకి సరుకులూ పుస్తకాలూ పంపితే అది యేల్ పేరు పెట్టుకుంది.

వినడానికి బాగానే ఉంటాయి. కానీ తెలుగువాళ్లు ఆ పెళ్లిళ్ల దగ్గరే ఆగిపోతే తమకు కావలసింది చూడకుండా తిరిగొచ్చినట్టే.

అసలు ఆ నేలే తెలుగు నాయకుడు ఇచ్చింది. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు సముద్రపు ఒడ్డున ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన జాగాలో కోట లేచింది. తెల్లవాళ్లు ఉండే వైట్ టౌన్‌కు నడిబొడ్డున, గవర్నర్ స్ట్రేన్‌షామ్ మాస్టర్ పూనికతో, 1678లో చర్చి పని మొదలైంది. ఖర్చు కంపెనీది కాదు, ఊళ్లోని ఇంగ్లీషువాళ్లు వేసుకున్న చందాలది. 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ జరిగింది. గోడలు నాలుగడుగుల మందం. పైకప్పు రెండడుగుల మందాన ఇటుకతో కట్టిన కమాను. ఫిరంగి గుండ్లు పడినా, నిప్పంటుకున్నా నిలవాలని కప్పులో కలప వాడలేదు. ప్రార్థన చేసుకునే చోటును కూడా ముట్టడిని తలుచుకుంటూ కట్టుకున్నారంటే, ఆ వర్తకులు ఎంత భయంతో కాపురం చేశారో తెలుస్తుంది.

భయం ఉత్తిది కాదు. 1758–59లో ఫ్రెంచివాళ్లు కోటను ముట్టడించినప్పుడు, బయటి శ్మశానంలోని పెద్ద పెద్ద గోరీలు వాళ్లకు చాటుగా పనికొచ్చాయి. ముట్టడి తొలగాక ఇంగ్లీషువాళ్లు ఆ గోరీలు పడగొట్టి, రాళ్లు తెచ్చి చర్చి ఆవరణలో పరిచారు. ఇవాళ లోపలికి వెళ్లేవాళ్లు లాటిన్, పోర్చుగీసు, ఆర్మీనియన్ అక్షరాల పక్కగా నడుస్తారు. కొన్ని రాళ్లను హైదరాలీ దండయాత్ర రోజుల్లో బురుజుల మీద ఫిరంగుల కింద పెట్టారు.

లోపల ఉన్న సమాధుల్లో ఒకటి సర్ థామస్ మన్రోది. 1800లో నిజాం రాయలసీమను కంపెనీకి వదిలేశాక, ఏడేళ్లపాటు ఆ దత్త మండలాలను ఏలిన కలెక్టరు. పాలెగాళ్లను అణిచాడు, రైతు పేరున పట్టా ఇచ్చి నేరుగా శిస్తు కట్టించుకునే రైత్వారీని నిలబెట్టాడు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. పదవి వదిలి వెళ్లిపోయే ముందు పాత జిల్లాలు మరోసారి చూడాలని బయల్దేరి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పాతిపెట్టారు. 1831లో అస్థికలను ఈ చర్చికి తరలించారు.

సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్లున్నాయి. ఆ అభిమానాన్ని కాదనక్కర్లేదు, కానీ లెక్క పూర్తిగా చెప్పాలి. శిస్తు బరువెక్కువైందని, పావు వంతు తగ్గించమని 1807లో మన్రోయే రాశాడు. ఖజానాకు లోటని సర్కారు అప్పట్లో ఒప్పుకోలేదు. తగ్గింపు వచ్చింది ఆయన గవర్నరయ్యాకే. ఈలోపు ఆ బరువు మోసింది కరువు సీమ రైతే.

గుత్తి కోట చూపించే మాస్టార్లు, పత్తికొండలో ఆయన గుర్తుగా తవ్విన బావి గురించి చెప్పే పెద్దలు చెన్నై సమాధిని, ఆ 1807 సిఫారసును కూడా కలిపి చెబితే పిల్లలకు మన్రో మొత్తంగా తెలుస్తాడు. కోటలోనే తమిళనాడు సచివాలయం ఉంది కాబట్టి గేటు దగ్గర తనిఖీ తప్పదు. క్లైవ్ పెళ్లి కోసం వెళ్లేవాళ్లు ఎటూ ఆ వరుసలో నిలబడుతున్నారు. మన్రో కోసం సీమవాళ్లూ నిలబడవచ్చు.