ఒంటరివానికి అద్దె ఇల్లు

“ఇల్లు చూచి ఇల్లాలిని చూడు” అని సామెత. ఇల్లు అన్న మాట వెంట ఇల్లాలు అన్న మాట నీడవలె రావలెనని తెలుగువారు ఎంత గాఢంగా నమ్మినారో ఈ సామెతయే చెప్పుచున్నది. ఇల్లాలు లేని ఇంటిని లోకం సత్రంగానో మఠంగానో లెక్కించినది. బ్రహ్మచారికి అద్దె ఇల్లు దొరకుట కష్టమను సంగతి నేడును ప్రతివారు ఎరిగినదే. ఆ ఒంటరివాడు స్త్రీని గాక పురుషుని ప్రేమించు స్వభావం గలవాడైనచో, అనగా నేటివారు గే అని పిలుచు స్వలింగానురాగి యైనచో, అతడు ఏ వాడలో నీడ వెదకుకొనవలెను? పైకి ఇది ఒక వ్యక్తి ఇబ్బందివలె కనిపించును. నిదానించి చూచినచో ఇది ఊరి స్వభావాన్ని పరీక్షించు ప్రశ్న.

ఈ ప్రశ్న మహానగరాలకే చెందినదని తలచుట పొరపాటు. 2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా విభజన జరిగి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లా కేంద్రాలైనవి. వనపర్తిలోను నాగర్‌కర్నూలులోను 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఏర్పడినవి. కార్యాలయాల వెంట గుమస్తాలు, కళాశాలల వెంట అధ్యాపకులు, ఆసుపత్రుల వెంట వైద్యులు, నర్సులు వచ్చినారు. ఏ దేశంలోను ఏ కాలంలోను స్వలింగానురాగులు లేని సమాజం లేదు. అట్లు వచ్చినవారిలో మాత్రం వారు లేకుండుట ఎట్లు? బదిలీ ఉత్తరువు ఊరిని నిర్ణయించును. వాడను మాత్రం ఉద్యోగియే ఎన్నుకొనవలెను.

కొత్తగా వచ్చినవానిని ఇంటి యజమాని అడుగు ప్రశ్నలు మూడు. “ఏ ఊరు సారూ?” అన్నది మొదటిది. “మీరేమోళ్లు?” అన్నది రెండవది. “పెండ్లయిందా? ఇంట్లోవాళ్లు ఎప్పుడొస్తరు?” అన్నది మూడవది. మొదటిదానికి జవాబు సులభం. రెండవది దళితులకు, ముస్లిములకు ఎంత బరువైనదో అనుభవించినవారికే ఎరుక. మూడవది అవివాహితుడైన ప్రతివానికి ఎదురగునదే గాని, తక్కినవారు “వచ్చే ఏడు చేసుకుంట” అని చెప్పి గట్టెక్కుదురు. వారి బ్రహ్మచర్యం ఒక మజిలీ. స్వలింగానురాగికి ఆ వచ్చే ఏడు రాదు. స్వలింగ వివాహాలను గుర్తింపుమని కోరిన వ్యాజ్యాలలో సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న తీర్పు చెప్పుచు, వివాహం ప్రాథమిక హక్కు కాదనియు, అట్టి గుర్తింపు చట్టసభలు చేయవలసిన పని అనియు నిర్ణయించినది. కావున “ఫ్యామిలీలకు మాత్రమే” అను బోర్డు తక్కినవారిని కొన్నాళ్లు ఆపును. ఇతనిని జీవితాంతం ఆపును.

ఇతని విషయమై చట్టం చాలా దూరమే నడిచినది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షను ఇట్టివారిని నేరస్థులుగా చూచినది. ఢిల్లీ హైకోర్టు 2009లో దానిని సడలించినను, సుప్రీంకోర్టు 2013లో తిరిగి నిలబెట్టినది. తుదకు 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహర్ వ్యాజ్యంలో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, వయస్సు వచ్చినవారు పరస్పర సమ్మతితో ఏకాంతంలో నెరపు సంబంధం నేరం కాదని ఏకగ్రీవంగా ప్రకటించినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. నేడు ఇతనికి ఇల్లు ఇచ్చినవాడు నేరస్థునికి ఆశ్రయమిచ్చినవాడు కాడు.

అయినను ఒక వెలితి మిగిలినది. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు మొదలైన చోట్ల మతం, కులం, లింగం మున్నగు కారణాలచే పౌరుని అడ్డగింపరాదని రాజ్యాంగం 15వ అధికరణం చెప్పినది. అద్దె ఇల్లు ఆ పట్టికలో లేదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలో 2019 నాటి చట్టం ఈ వెలితిని కొంత పూరించి, ఇల్లు అద్దెకు తీసికొనుటలో వివక్ష కూడదని స్పష్టపరచినది. అనుమానితులైన హిజ్రాల పేర్లను నివాసాలను పట్టీలో వ్రాయించిన నిజాం కాలపు 1329 ఫసలీ చట్టాన్ని 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టివేసినది. పురుషుని ప్రేమించు పురుషునికి మాత్రం అద్దె ఇంటి విషయంలో అంత స్పష్టమైన రక్షణ లేదు. న్యాయస్థానం తలుపు తెరచుకొన్నది. ఇంటి తాళంచెవి యజమాని మొలలోనే ఉన్నది.

పరుల ఇంటి తలుపు వెనుక ఏమి జరుగుచున్నదో తెలిసికొను హక్కు తమకున్నదని కొందరు తలచినప్పుడు ఏమగునో అలీగఢ్ ఉదంతం చెప్పును. అది ఉత్తరప్రదేశ్‌లో జరిగినను, ఒక భాషాధ్యాపకుడు, ఒక విద్యాపట్టణం, ఒక అద్దె ఇల్లు మనకు పరాయివి కావు. రామచంద్ర సిరాస్ అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ బోధించిన ఆచార్యుడు, కవి. 2010 ఫిబ్రవరిలో కొందరు కెమెరాతో ఆయన ఇంట్లోనికి జొరబడి ఆయన ఏకాంతాన్ని చిత్రీకరించినారు. విశ్వవిద్యాలయం ఆయనను సస్పెండు చేసినది. క్వార్టరు విడిచి ఆయన అద్దె ఇంటికి మారవలసి వచ్చినది. ఏప్రిల్ 1న అలహాబాదు హైకోర్టు సస్పెన్షనును నిలిపివేసినది. అదే నెల 7న ఆయన అద్దె ఇంట్లో విగతజీవుడై కనిపించినారు. ఉద్యోగాన్ని న్యాయస్థానం తిరిగి ఇప్పించగలదు. మంచి పొరుగును ఇప్పించలేదు.

కావున వాడను ఎన్నుకొనుటలో వివేకం అవసరం. గద్వాల, వనపర్తి పూర్వం సంస్థానాల రాజధానులు. ఇట్టి పట్టణాల పాతవాడలలో తరతరాల పరిచయాలుండును. ఆత్మీయత అక్కడ ఎక్కువ, ఆరా తీయుటయు ఎక్కువ. జ్వరం వచ్చిన నాడు గంజి కాచి పంపిన తల్లియే, నిన్న రాత్రి వచ్చిన చుట్టమెవరని మరునాడు అడుగును. కొత్త కాలనీలలో అందరును బదిలీపై వచ్చినవారే గనుక పుట్టుపూర్వోత్తరాల విచారణ తక్కువ. అయితే జ్వరం వచ్చిన సంగతియు ఎవరికీ తెలియదు. ఈ రెంటిలో ఏది మేలో దూరం నుండి చెప్పుట కష్టం. గుర్తు పట్టుటకు ఒక ఉపాయం మాత్రం ఉన్నది. ఆ వాడలో ఒంటరిగా నివసించు నర్సు, విడాకులు పొందిన స్త్రీ, వేరు కులంవాడు, వేరు మతంవాడు ఇప్పటికే అద్దెకున్నారా యని చూడవలెను. ఒక కొత్తవానిని మన్నించిన వాడ మరొకనిని మన్నించుట సులభం.

తక్కినవి లౌకికమైన జాగ్రత్తలు. వేరు ద్వారం గల వాటా మంచిది. పదకొండు నెలల అద్దె కాగితం వాడుకలో ఉన్నది; ఆ కాగితంలోనే ఖాళీ చేయుటకు ఎంత గడువో వ్రాయించుకొనవలెను. మిత్రుల తోడును లెక్కింపవలెను. 2013 నుండి స్వాభిమాన యాత్రలు చూచిన హైదరాబాదులో ఇట్టివారికి స్నేహితులు దొరకుదురు. గద్వాల నుండి అక్కడికి రైలున్నది; వనపర్తి రోడ్డు స్టేషను పట్టణానికి దూరం; నాగర్‌కర్నూలుకు బస్సే శరణ్యం. ఆదివారపు ప్రయాణం కూడ ఒంటరివాని ఇంటిలో ఒక గదివంటిదే.

తన స్వభావాన్ని యజమానికి చెప్పవలెనా? చెప్పవలసిన బాధ్యత ఎవరికీ లేదు. భార్యతో నివసించువాడు తన పడకగది సంగతులు చెప్పి ఇల్లు అడుగుట లేదు గదా! అయితే రహస్యం ఎంత గాఢమైనదో, బెదిరించువాని చేతిలో అంత పదునైన కత్తి యగును. బెదిరించి డబ్బు గుంజుట న్యాయ సంహిత 308వ సెక్షను క్రింద నేరమని తెలిసియుండవలెను. కార్యాలయంలో ఒక్కనికైనను నిజం తెలిసియుండుట క్షేమం.

యజమాని భయాన్ని తేలికగా కొట్టివేయుటయు తగదు. అప్పు చేసి మేడమీద రెండు గదులు వేసికొన్న సంసారికి వాడలో మాట పడుట చిన్న సంగతి కాదు. కాని ఆ మాటను పుట్టించునది వాడయే గాని అద్దెకున్నవాడు కాడు. వేళకు అద్దె చెల్లించి, ఇల్లు శుభ్రంగా ఉంచి, ఇరుగుపొరుగుతో నెమ్మదిగా మెలగువాని నుండి యజమాని కోరదగినది మరేమున్నది?

పాలమూరు కూలీలు ఎన్నో రాష్ట్రాలకు వలసపోయి ఆనకట్టలు కట్టినారు, కాలువలు త్రవ్వినారు. ఊరుగాని ఊరిలో తల దాచుకొనుటకు చోటడుగుట ఎంత కష్టమో ఈ సీమకు పుస్తకాలు చదివి తెలిసికొనవలసిన పని లేదు. ఆ జ్ఞాపకం గలవారు తమ గడప ముందు నిలిచిన పరదేశిని ఎన్ని ప్రశ్నలు అడుగవలెనో తామే ఆలోచింపవలెను. ఉపాధ్యాయులకు ఇందులో పని ఉన్నది. పదవ తరగతి గదిలో తోటివారు నడకను, గొంతును వెక్కిరింపగా తల వంచుకొను బాలుడు రేపు ఏదో ఒక ఊరిలో ఇల్లు వెదకుకొనును. అతనిని వెక్కిరించిన బాలుడు రేపు ఇంటి యజమాని అగును. నేడు ఆ వెక్కిరింతను గురువు ఆపినచో, ఇరువది ఏండ్లకు ఏదో ఒక వాడలో ఒక తలుపు తెరచుకొనును.