విజయవాడ–బందరు రైలు మార్గంపై ప్రయాణికుల సంఘం తీర్మానం

మచిలీపట్నం (బందరు), గుడివాడ, విజయవాడల మధ్య రోజూ రైలెక్కే ఉద్యోగులు, విద్యార్థులు, చిరువ్యాపారులు సభ్యులుగా గల మా ప్రయాణికుల సంఘం సర్వసభ్య సమావేశం ఈ కింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

గుడివాడ దాటాక గుడ్లవల్లేరు, కవుతరం, వడ్లమన్నాడు, పెడన, చిలకలపూడి మీదుగా బందరు చేరే ఈ మార్గాన్ని నమ్ముకున్నవారు రెండు రకాలు. గుడ్లవల్లేరులో దిగే ఇంజనీరింగ్ విద్యార్థులు, పెడన కలంకారీ బట్టల మూటలతోనో చిలకలపూడి కవరింగ్ నగల పెట్టెలతోనో విజయవాడ వెళ్లేవారు, కోర్టు పని మీద జిల్లా కేంద్రానికి వచ్చేవారు వారమంతా కనిపిస్తారు. ఆదివారాల్లో, సెలవుల్లో, కార్తీక మాసంలో మంగినపూడి సముద్రానికి పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలు వీరికి తోడవుతాయి. ఈ మార్గంలోని బండ్ల మీద ఈ రెండు రకాలవారికీ సమాన హక్కు ఉందని సభ ప్రకటిస్తోంది. సెలవు రద్దీ పేరుతో సీజన్ టికెట్టు ఉన్న మనిషి తలుపు దగ్గర వేలాడకూడదు. సముద్రం చూడాలనుకున్న పేద కుటుంబం అప్పుచేసి కారు మాట్లాడుకోవలసిన అగత్యమూ రాకూడదు.

విజయవాడ–గుడివాడ–భీమవరం–నరసాపురం, గుడివాడ–మచిలీపట్నం, భీమవరం–నిడదవోలు మార్గాల్లో 221 కిలోమీటర్ల మేర డబ్లింగు, విద్యుదీకరణ పూర్తిచేసిన రైల్వే శాఖకు, ఎండనక వాననక పనిచేసిన కార్మికులకు సభ కృతజ్ఞతలు తెలుపుతోంది. ఒంటి లైను ఉన్నన్నాళ్లూ ఎదురు బండి కోసం ఆగక తప్పేది కాదు. ఆ ఇబ్బంది తొలగింది కనుక బండ్ల సంఖ్య పెంచమని అడిగే హక్కు మాకుంది. బందరు పోర్టు పూర్తయితే సరుకు బండ్లు పెరుగుతాయి. పోర్టును మనసారా స్వాగతిస్తున్నాం. అయితే ఆ రద్దీ మొదలయ్యాక వేళల కోసం పోరాడటం కంటే, ఉదయం సాయంత్రం పాసింజర్ల వేళలను ఇప్పుడే ఖరారు చేయించుకోవడం మేలని సభ గట్టిగా నమ్ముతోంది.

కార్తీక పౌర్ణమి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆనాడు సముద్ర స్నానం తెల్లవారుజామున. పొద్దెక్కాక చేరే ప్రత్యేక రైలు భక్తులకు అక్కరకు రాదు. అర్ధరాత్రి దాటాక విజయవాడలో బయలుదేరి, చీకటి ఉండగానే బందరు చేరే బండి కావాలి. స్టేషను నుంచి మంగినపూడి పది కిలోమీటర్ల పైచిలుకు దూరం. రైలు దిగేసరికి ఆర్టీసీ బస్సు సిద్ధంగా ఉండాలి. ఆదివారం సాయంత్రాల్లోనూ ఇదే పద్ధతి అమలు కావాలి: తీరం నుంచి చివరి బస్సు వచ్చాకే చివరి బండి కదలాలి. ఇందుకు రైల్వే, ఆర్టీసీ అధికారులు కలిసి కూర్చుని ఒకే వేళల పట్టిక తయారుచేయాలని సభ కోరుతోంది.

సెలవు రద్దీకి అదనపు బండ్లు, అదనపు పెట్టెలు వేయాలే తప్ప, రోజువారీ బండ్లను రద్దుచేసి వాటినే ప్రత్యేక రైళ్లుగా మళ్లించరాదని సభ తీర్మానిస్తోంది. కోవిడ్ తర్వాత పాసింజర్ల కనీస చార్జీ 10 నుంచి 30 రూపాయలకు పెరిగి, 2024లో మళ్లీ పాత స్థాయికి దిగింది. మధ్యలోని ఆ కాలం కూలీనాలీ చేసుకునేవారి మీద ఎంత భారం మోపిందో సభ్యులకు తెలుసు. కనుక ఈ మార్గంలో నడిపే పండుగ బండ్లకూ సాధారణ చార్జీయే ఉండాలి. పెడన, చిలకలపూడి వంటి చిన్న స్టేషన్లలో తాగునీరు, రాత్రి దీపాలు, ఆడవారికి మరుగుదొడ్లు తప్పనిసరిగా కల్పించాలి.

ఈ తీర్మానం ప్రతులను విజయవాడ డివిజనల్ రైల్వే మేనేజరుకు, కృష్ణా జిల్లా కలెక్టరుకు, ఆర్టీసీ జిల్లా అధికారులకు, మచిలీపట్నం పార్లమెంటు సభ్యునికి స్వయంగా అందజేసి, వారి సమాధానాలను వచ్చే సమావేశం ముందుంచే బాధ్యతను సభ కార్యదర్శికి అప్పగిస్తోంది.