గోల్ పడినా గోల్ కాదట!.. ఆఫ్‌సైడ్‌పై ఆగని తగవు

వెల్దుర్తి: బంతి వలలో పడుతుంది. ఆటగాళ్లు గంతులేస్తారు. అంతలో గీత వద్ద జెండా లేస్తుంది, గోల్ రద్దవుతుంది. కబడ్డీ, క్రికెట్ చూస్తూ పెరిగిన పల్నాడు ప్రేక్షకుడికి ఫుట్‌బాల్‌లో మింగుడుపడనిది ఇదే. 2022 నవంబరు 22న ఖతార్ ప్రపంచకప్‌లో అర్జెంటీనా తొలి అర్ధభాగంలోనే మూడుసార్లు సౌదీ అరేబియా వలలోకి కొట్టిన బంతులు ఆఫ్‌సైడ్ కింద చెల్లకుండా పోయాయి. మెస్సీ పెనాల్టీ గోల్ ఒక్కటే మిగిలింది. ఆ మ్యాచ్‌లో సౌదీ 2-1తో గెలిచింది. ఓడిన అర్జెంటీనాయే చివరికి కప్పు అందుకోవడం వేరే కథ.

టీవీ ముందైతే ఇది చర్చ. పాఠశాల మైదానంలో తగవు. 'ముందే ఉన్నాడు' అని ఒక జట్టు, 'వెనకే ఉన్నాడు' అని మరొకటి వాదించుకుంటాయి. తరచి చూస్తే చాలాసార్లు ఇద్దరిదీ నిజమే. వారు చూసిన క్షణాలే వేరు.

చూడాల్సింది ఏ క్షణం?

ప్రత్యర్థి సగంలో ఉన్న ఆటగాడు బంతికన్నా, ప్రత్యర్థుల్లో చివరి నుంచి రెండో వాడికన్నా కూడా గోల్ రేఖకు దగ్గరగా ఉంటే అది ఆఫ్‌సైడ్ స్థానం. చివరివాడు సాధారణంగా గోల్‌కీపరే అవుతాడు. అతడు ముందుకు వచ్చేస్తే మాత్రం లెక్క మారుతుంది. వెనక ఒక్క డిఫెండర్ నిలిచి ఉన్నా చాలదు. తల, మొండెం, కాళ్లు లెక్కలోకి వస్తాయి, చేతులు రావు. అక్కడ ఊరికే నిలబడటం నేరం కాదు. బంతిని ఆడినా, ప్రత్యర్థికి అడ్డుపడినా, ఆ స్థానం వల్ల లాభం పొందినా తప్పు. గోల్ కిక్, కార్నర్, త్రో ఇన్ నుంచి నేరుగా అందుకుంటే ఈ నియమం వర్తించదు.

అసలు చిక్కు మరొకటి. స్థానాన్ని చూడాల్సింది సహచరుడు బంతిని తన్నిన క్షణంలో, అందుకున్నప్పుడు కాదు. పాస్ వచ్చేటప్పుడు డిఫెండర్‌తో సమంగా ఉండి, ఆపై పది అడుగులు ముందుకు ఉరికి బంతి అందుకున్నవాడు నిర్దోషి. జనం మాత్రం అతడు ఒంటరిగా కనిపించగానే 'ఆఫ్‌సైడ్' అని అరుస్తారు. ముందే నిలబడి, వెనక్కి వచ్చి బంతి తీసుకున్నవాడు దోషి. అతడిని ఎవరూ పట్టించుకోరు.

కబడ్డీలో బోనస్ గీత దాటితే చాలదు, అవతల ఆరుగురైనా ఉండాలి. ఇదీ అలాంటి లెక్కే. కాకపోతే ఈ గీత సున్నంతో గీసింది కాదు, డిఫెండర్ కాళ్లతో పాటు కదులుతుంది.

నియమం కూడా స్థిరంగా లేదు. 1925 వరకు ముగ్గురు ప్రత్యర్థులు అవసరం, ఆ ఏడాది ఇద్దరికి తగ్గించారు. 1990 నుంచి సమంగా ఉంటే ఆఫ్‌సైడ్ కాదన్నారు. హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించిన జట్లలో సికింద్రాబాద్ వాసి తులసీదాస్ బలరామ్ ఆడిన రోజుల్లో, సమంగా నిలిచినా ఆఫ్‌సైడే. నేటి ఫార్వర్డ్‌కు ఆ మేరకు వెసులుబాటు దొరికింది.

ఈల ఉంది, జెండా లేదు

ఖతార్‌లో స్టేడియం పైకప్పు కింద 12 కెమెరాలు పెట్టారు. బంతిలోని సెన్సర్ సెకనుకు 500 సార్లు సమాచారం పంపింది. మన పిల్లల పోటీల్లో తరచూ ఉండేది ఒక్క రిఫరీ. తన్నే కాలునూ, దూరాన ఉన్న డిఫెండర్‌నూ ఒకే చూపులో పట్టడం మనిషికి సాధ్యం కాదు. అయినా నింద ఆయనపైనే. ఊరికీ ఊరికీ మధ్య ఆటైతే 'మనోళ్లు కాదు కాబట్టే ఊదాడు' అన్న అనుమానం మైదానంతో ఆగదు.

అంతకన్నా నష్టం పిల్లలకు. సరైన సమయానికి ఉరికినా పదేపదే ఈల వినిపిస్తే ఆ కుర్రాడు ఉరకడం మానేస్తాడు. ఎంపిక పోటీలోనైతే అవకాశమే పోతుంది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి గుగులోతు సౌమ్య భారత మహిళల జట్టు దాకా ఎదిగారు. మాచర్ల ప్రాంత తండాల్లోనూ పరుగుకు కొదవ లేదు.

ఖర్చు పెద్దదేం కాదు. ఇద్దరు పెద్ద తరగతి విద్యార్థులకు చెరో జెండా ఇచ్చి, చెరో సగంలో, ఎదురెదురు పక్క గీతల వద్ద నిలపాలి. బంతి వెంట కాకుండా, చివరి నుంచి రెండో డిఫెండర్‌కు సమాంతరంగా కదలాలని వారికి వ్యాయామ ఉపాధ్యాయులు నేర్పాలి. అదీ కుదరకపోతే చిన్న మైదానంలో ఐదుగురితో ఆడించవచ్చు. ఫుట్‌సాల్‌లో ఆఫ్‌సైడ్ నియమమే లేదు. ఆ సంగతి ఇరు జట్ల కెప్టెన్లకు ఆటకు ముందే చెప్పాలి, గోల్ పడ్డాక కాదు.