చక్రం ఎవరి చేతికి?

మావాడి లాజిటెక్ జి29 స్టీరింగు అప్పుడే మోటుదైపోయిందిట. 2015లో వచ్చిన ఆ మోడల్లో మోటారుకీ చక్రానికీ మధ్య పళ్ళచక్రాలుంటాయి. అవి గరగరమంటాయి, తెరమీది రోడ్డు సన్నటి కుదుపుల్ని చేతికి సరిగా అందనివ్వవు. ‘డైరెక్ట్ డ్రైవ్’లో అయితే చక్రాన్ని మోటారు ఇరుసుకే బిగిస్తారు. "అదే కొనాలమ్మా" అని వాడు, "కొందాంలే" అని మావారు!

ముందు బ్రేకు మార్చరేం? ఈ పెడలు ఎంత దిగిందో కొలుస్తుంది. లోడ్‌సెల్ పెడలు ఎంత బలంగా తొక్కామో కొలుస్తుంది. కాలికి గుర్తుండేది దూరం కాదు, బరువు. కుట్టుమిషను తొక్కినదాన్ని, నాకు తెలీదూ?

అసలు కోపం అది కాదు లెండి. వాకిట్లో నిజం కారుంది. నేర్చుకుంటానంటే "మరిపెడలో వరంగల్-ఖమ్మం రోడ్డు, అన్నీ లారీలే, నీకెందుకు?" అన్నారు. బల్లకి బిగించే చక్రానికి వేలకి వేలు, నా డ్రైవింగు ఫీజు మాత్రం దండగా?

నిన్న వాడు కాలేజీకెళ్ళగానే ఆ పాత చక్రం ముందు కూర్చున్నాను. మొత్తం రెండున్నర చుట్లు తిరుగుతుంది, ఇంచుమించు కారులాగే. రెండుసార్లు గోడకి గుద్దాను. మూడో మలుపు తిరిగింది.

పాతది అమ్మొద్దన్నాను. కొత్తదాని డబ్బులోంచి ముందు నా ఫీజు తీసి పక్కన పెట్టమన్నాను. మావారింకా ఏమీ అనలేదు.