ముక్కనుమ వెళ్ళాక ముప్పై రోజులు: ఊరంతా ఒక్క మాట మీద ఖర్చు ఆపుదాం

గోదావరి జిల్లాల పల్లెల్లోని ప్రతి ఇంటికీ, ముఖ్యంగా పొదుపు సంఘాల్లో ఉన్న అక్కచెల్లెళ్ళకూ, వాళ్ళ ఇళ్ళలోని మగవాళ్ళకూ

పండగ బాగా చేసుకున్నాం. భోగి మంట దగ్గర నుంచి ముక్కనుమ మాంసం కూర దాకా ఏ లోటూ రానివ్వలేదు. హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ పిల్లలు దిగారు. కొత్త అల్లుళ్ళు వచ్చారు. అరిసెలు, జంతికలు, సున్నుండలు, అందరికీ కొత్త బట్టలు, ప్రైవేటు బస్సులవాళ్ళు ఎంత చెబితే అంత పోసి కొన్న టిక్కెట్లు. ఇదంతా ఎందుకు చేశారని అడగడానికి ఈ కాగితం వెయ్యలేదు. సంక్రాంతి చెయ్యొద్దని చెప్పేవాళ్ళకి మన జిల్లాల్లో మంచినీళ్ళు కూడా పుట్టవు. పుట్టకూడదు కూడా. మేం మాట్లాడేది పండగ వెళ్ళిన మర్నాటి సంగతి.

అడిగేది ఒకటే. ముక్కనుమ మర్నాటి నుంచి ముప్పై రోజుల పాటు, అత్యవసరం కాని ఖర్చు ఆపుదాం. ఎవరింట్లో వాళ్ళు గుట్టుగా కాదు. సంఘమంతా, వీధంతా, వీలైతే ఊరంతా కూర్చుని, ఒక మాట అనుకుని, బాహాటంగా ఆపుదాం.

ఈ ముప్పై రోజులే ఎందుకంటే, మన చేతికి డబ్బొచ్చే లెక్క అలా ఉంది. సార్వా ధాన్యం డబ్బు సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా ఇంటికి చేరుతుంది. మళ్ళీ డబ్బు కనపడేది దాళ్వా కోతలయ్యాక, ఏప్రిల్ ఆఖరుకో మే నెలకో. మధ్యలో మూడు నాలుగు నెలలు అన్నీ పోయేవే, వచ్చేది లేదు. నాట్లు పడ్డాక ఎరువు కావాలి. డీఏపీ బస్తా 1,350 రూపాయలు. చేతిలో డబ్బున్న రైతు ఆ ధరకి అడిగి తెచ్చుకుంటాడు. లేనివాడు కొట్లో అరువు రాయించుకుంటాడు. అరువు పుస్తకంలో బస్తా ధర ఎంత పడిందో, పంట అమ్మి లెక్క తేల్చుకునే రోజు దాకా అతనికి తెలియదు. కౌలు రైతుకైతే కౌలు బాకీ అదనం. కూలికి వెళ్ళే ఇళ్ళ సంగతి ఇంకోలా ఉంటుంది. నాట్లు ముగిశాక కోతల దాకా పని పలచబడుతుంది. పట్నంలో ఉద్యోగం చేసే పిల్లలు ఎగిరెగిరి ఖర్చు పెట్టారుగాని, పండగ పధ్నాలుగు పదిహేనుల్లో వస్తే జీతం పడేది నెలాఖరుకి. ఆ రెండు వారాలూ కార్డు మీద గడుస్తాయి. ఇవి చాలనట్టు బళ్ళో మూడో టర్మ్ ఫీజు, ఇంటర్ పిల్లల ఖర్చు, మార్చి లోపు కట్టాల్సిన ఇంటి పన్ను. అన్నీ ఇక్కడే వచ్చి పడతాయి.

అందుకే మన ఇళ్ళలో చాలా అప్పులకి పుట్టినరోజు సంక్రాంతి కాదు. పండగ చేతిలో డబ్బుతోనే అయిపోతుంది. అప్పు పుట్టేది ఫిబ్రవరిలో, ఫీజుకో ఎరువుకో చెయ్యి చాచినప్పుడు.

ఆ అప్పు ఎంత తింటుందో చూడండి. నూటికి మూడు రూపాయల వడ్డీకి 50,000 తెస్తే నెలకు 1,500. కోతల దాకా నాలుగు నెలలకి 6,000. దాళ్వా డబ్బులోంచి ముందు ఆ ఆరు వేలూ పక్కన పెట్టాకే అసలు మాట. పట్నం పిల్లలు తాము వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కలేదనుకుంటారు. వాళ్ళ కార్డు లెక్క ఇంతకంటే ఘోరం. చాలా కార్డుల మీద మిగిలిన బాకీకి నెలకు నూటికి మూడున్నర దాకా వడ్డీ పడుతుంది. ఆ వడ్డీ మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ. 50,000 బాకీ ఉంటే వడ్డీ 1,750, పన్ను 315, కలిపి నెలకు 2,065. బిల్లులో "కనీసం ఇంత కట్టండి" అని ఓ అంకె వేస్తారు. అది బాకీలో ఐదు శాతం అనుకుంటే 2,500. అది కట్టి హమ్మయ్య అనుకున్న అబ్బాయికి అసలులో తగ్గింది 435 రూపాయలు. పైసా వడ్డీ లేదని ఊరించే వాయిదాల మీద ఫోను కొన్నవాళ్ళు, అందులో ప్రాసెసింగు ఫీజు ఎంత పడిందో ఒకసారి తీసి చూసుకోండి.

ఈ అంకెలు చూపించి, ఒక్క నెల నోరు కట్టుకుంటే అప్పులన్నీ తీరిపోతాయని చెప్పం. అది అబద్ధం. బయట టిఫిన్లు, ఫోనులో తెప్పించుకునే తిళ్ళు, పని లేకుండా తిప్పే బండి పెట్రోలు ఆపితే ఓ మోస్తరు ఇంటికి ఐదారు వేలు మిగలొచ్చు. 50,000 బాకీ మీద అది కొండను గోటితో తవ్వడమే. కానీ ఫిబ్రవరిలో ఆ ఐదారు వేలు చేతిలో ఉంటే రెండో అప్పు చెయ్యక్కర్లేదు. ఫీజు నగదుగా కట్టొచ్చు, ఎరువు నగదుగా తేవచ్చు. సంఘం లోను వాయిదా ఆ తారీఖుకే కట్టొచ్చు. మూడోది ముఖ్యం. తప్పకుండా కట్టిన సంఘాలకే వడ్డీ రాయితీ. ఒక్క ఇల్లు తప్పితే ఆ మచ్చ పది మంది మీదా పడుతుంది. ఎవరింటి ఖర్చు వాళ్ళిష్టం అనేవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి.

ఇంకో లాభం చాలామంది లెక్కలో వేసుకోరు. ఏడాది సరుకు చవగ్గా దొరికే రోజులు ఈ నెల వెనకే వస్తున్నాయి. కొత్త కందులు వస్తాయి. మిరపకాయలు గుంటూరు యార్డులో గుట్టలు పడతాయి. ఆ వెనక కొత్త చింతపండు. చేతిలో నాలుగు రూపాయలు ఉన్న ఇల్లాలు కారం, చింతపండు, కందిపప్పు ఏడాదికి ఒక్కసారే వేసుకుంటుంది. లేని ఇల్లాలు అదే సరుకు పన్నెండు నెలలూ కిరాణా కొట్టు పద్దు మీద అరకిలో, పావుకిలో తెచ్చుకుంటుంది. లేనివాళ్ళకే ఎక్కువ ధర పడే లోకం ఇది. దీన్ని ఒక్క నెల మన వైపు తిప్పుకోవచ్చు.

కలిసే ఎందుకు చెయ్యాలంటారా? ఒంటరిగా చేస్తే దాన్ని పిసినారితనం అంటారు గనక. ఇక్కడ మనలో మనం దాచుకోవలసింది లేదు. ఖర్చులో సగం కడుపు కోసం, సగం పక్కింటి కళ్ళ కోసం. 2022లో నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాల వంటకాలు వడ్డించిందని దేశమంతా పేపర్లలో చదివింది. వాళ్ళకి ఉంది, వడ్డించారు, మంచిదే. అయితే ఆ తర్వాత నుంచి పాతిక రకాలతో అల్లుణ్ణి కూర్చోబెట్టాలంటే చిన్నతనంగా ఉందని బాధపడే అత్తగార్లు మన వీధుల్లో ఉన్నారు. వాళ్ళ బాధ నిజం.

పైగా సంక్రాంతి దాటగానే మాఘమాసం, పెళ్ళిళ్ళు. వారానికి మూడు శుభలేఖలు. పందిట్లో పుస్తకం పెట్టుకుని కూర్చున్న ఆయన మైకులో పేరు చదువుతాడు. 516 అని వినిపిస్తే నామోషీ అని 1,116 రాయిస్తాం. మనం 1,116 రాయించామని పక్కింటావిడ 2,116 రాయిస్తుంది. ఇద్దరం ఇంటికొచ్చి చీర కొంగు ముడి విప్పి చూసుకుంటాం. ఈ పోటీ ఒక్కళ్ళు మానేస్తే ఆగదు, మానేసిన వాళ్ళు చెడ్డవాళ్ళు అవుతారు. సంఘమంతా కలిసి, ఈ నెల కొత్త చదివింపు ఎవరికైనా 116 మాత్రమే అనుకుంటే ఎవరికీ నామోషీ లేదు. ఒక మినహాయింపు ఉండాలి. మన ఇంటి శుభకార్యానికి వాళ్ళు చదివించిన మొత్తం మన పుస్తకంలో ఉంటే, అది బాకీ. ఆ మొత్తం తిరిగి ఇవ్వాలి. దాని మీద ఒక్క రూపాయి కూడా పెంచొద్దు.

కలిసి ఖర్చు ఆపడం మన ఆడవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఆ నిప్పు జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993లో ప్రభుత్వం సారా నిషేధించింది. సారాకి పోయే డబ్బు ఇంట్లో మిగలడం మొదలయ్యాక అదే జిల్లాలో ఆడవాళ్ళు రోజుకో రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు. పొదుపు లక్ష్మి అన్నారు దాన్ని. మనం ఇవాళ కూర్చుంటున్న సంఘాలకి అది పెద్దక్క. ముందు ఆపారు, తర్వాత దాచారు, రెండూ గుంపుగా చేశారు. అంతకు ముందు ఒక్క ఇల్లాలు ఒంటరిగా మొగుడి చెయ్యి పట్టుకుని ఆపబోతే దెబ్బలు తిని ఊరుకునేది.

మగవాళ్ళు కూడా చదవాలని పైన రాసింది ఇందుకే. ఇంట్లో పొదుపు అనగానే మొదట తగ్గేది ఆవిడ గ్లాసులోని పాలు. తర్వాత ఆవిడ మందులు. ఆయన సెంటర్లో తాగే టీలు, సిగరెట్లు, ఆదివారం సీసా మాత్రం లెక్కలోకి రావు. పండగ మూడు రోజులూ బరుల దగ్గర పందెంలో, గుండాటలో పోయిన డబ్బు గురించి అడిగితే ఇల్లు ఎగిరిపోతుంది. ఈ నెల పద్దు మొదలయ్యేది అక్కడి నుంచే. పోయింది పోయింది, ఎంత పోయిందో భార్య ముందు నోటితో చెప్పండి చాలు. ఆ అంకె తెలియకుండా ఏ ఇంటి లెక్కా తేలదు.

ఏది ఆపాలో ఇంటింటికీ తేడా ఉంటుంది. కొన్ని మాత్రం అందరికీ ఒకటే. కొత్తగా వాయిదాల మీద ఏ వస్తువూ తేవద్దు. కొత్త చేబదులు వద్దు. బట్టలు మొన్నే కొన్నాం. వంటింట్లో పిండివంటల డబ్బాలు ఇంకా ఖాళీ కాలేదు, పిల్లలకి బడి నుంచి రాగానే అవే పెట్టండి. ఈ రోజుల్లో చిక్కుడు, వంకాయ, టమాటా, ఆకుకూరలు ఊళ్ళోనే దండిగా ఉంటాయి. వాటితో నెల గడపడం శిక్షేమీ కాదు. ఆదివారం కోడికూర మానేయమని అడగం. అది అడిగితే ఈ కాగితం మొత్తం చెత్తబుట్టలోకి పోతుందని తెలుసు.

పిల్లల పాలు, గుడ్లు, ముసలివాళ్ళ బీపీ, సుగరు మందులు, సంఘం వాయిదా, చిట్టీ వాయిదా ఆపకూడదు. ఇంట్లో పనిచేసే మనిషి జీతం ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకూడదు. ఇంకో మాట గట్టిగా చెబుతాం. తోపుడు బండి మీద కూరలమ్మే ఆమె దగ్గర, పూలమ్మే ముసలమ్మ దగ్గర ఈ నెల అసలు బేరం ఆడొద్దు. ఊరంతా చెయ్యి ముడుచుకుంటే మొదట దెబ్బ తగిలేది వాళ్ళకే. మిగిల్చేదంతా ఫోను తెరలోంచీ, ఫైనాన్సు కంపెనీ దగ్గర నుంచీ, బార్ల దగ్గర నుంచీ మిగలాలి. పొదుపు పేరుతో పది రూపాయల కొత్తిమీర కట్టని ఎనిమిదికి అడిగే ఇంటిని మేం ఈ ఒప్పందంలో లెక్కెయ్యం.

రోజు కూలి మీద బతికే ఇళ్ళకి ఈ కాగితం ఏమీ చెప్పదు. వాళ్ళకి ఏడాదంతా ఇదే నెల. వాళ్ళు తిండి తగ్గించుకోవడానికి కాదు, వాళ్ళు కూడా చదివింపుల పోటీలోంచి బయటపడడానికి మాత్రం సంఘం మాట పనికొస్తుంది.

ఇంట్లో పెట్టెలో నగ ఉండి, బయట నూటికి మూడు రూపాయలకి అప్పు మోస్తున్నవాళ్ళు మీటింగులో చెప్పండి. అదే 50,000 బ్యాంకులో నగ మీద నూటికి రూపాయి వడ్డీకి దొరికితే నెలకు 500 అవుతుంది. వెయ్యి రూపాయలు తేడా. నగ బ్యాంకులో పెట్టడం నామోషీ అని నెలకు వెయ్యి వదులుకుంటున్న ఇళ్ళు మాకు తెలుసు. గడువు లోపు విడిపించుకోవాలి, లేకపోతే వేలం వేస్తారు. అది మర్చిపోవద్దు.

ఉంటే ఉగాది, లేకపోతే శివరాత్రి అని మన పెద్దల సామెత. మన ఇళ్ళలో ఏటా సంక్రాంతి తర్వాత జరిగేది ఆ రెండోదే. మనం కోరుకోకుండా, అప్పులవాడు గుమ్మంలో నిలబడితే వచ్చే శివరాత్రి. అది వచ్చేలోపు మనమే ముప్పై రోజులు నియమం పట్టడం నయం.

ముక్కనుమ దాటాక వచ్చే మొదటి సంఘం మీటింగులో దీన్ని తీర్మానంగా రాద్దాం. మినిట్స్ పుస్తకంలో నాలుగు మాటలు చాలు: ముప్పై రోజులు కొత్త అప్పు, కొత్త వాయిదా వస్తువు వద్దు. కొత్త చదివింపు 116. రోజు ఖర్చు ప్రతి ఇంట్లో నోటు పుస్తకంలో రాయాలి. వారం వారం మిగిలింది సంఘం ఖాతాలో పొదుపుగా వెయ్యాలి, ఫీజుకీ ఎరువుకీ అక్కడి నుంచే తీసుకోవాలి. మాట తప్పినవాళ్ళకి జరిమానా వద్దు. జరిమానా పెడితే లెక్క దాస్తారు. మీటింగులో నోటు పుస్తకం చదివి వినిపించడమే చాలు.

రాయడం రానివాళ్ళకి ఎనిమిదో తరగతి దాటిన పిల్లలు రాసిపెడతారు. వచ్చేటప్పుడు తాకట్టు రసీదులు, కిరాణా కొట్టు పద్దు, పిల్లల ఫీజు చీటీ, ఇంట్లో కార్డు ఉంటే దాని ఆఖరి బిల్లు తెచ్చుకోండి. మీ ఆయన్ని కూడా తీసుకురండి.