దగ్గు తగ్గితే చాలదు



మా పిన్నిగారబ్బాయి నిరుడు రెండు నెలలు క్షయ మందులు వాడి మానేశాడు. "దగ్గు పోయింది, ఒళ్ళు చేశాను, ఇంకెందుకక్కయ్యా?" అన్నాడు. మూడు నెలలు తిరక్కుండానే దగ్గూ జ్వరమూ తిరిగొచ్చాయి. తప్పు వాడిదే. కానీ మందులకు రావడం మానేసిన మనిషిని "ఏమయ్యా, రాలేదేం?" అని వాకబు చేసినవారు ఒక్కరైనా లేకపోవడం ఎవరి తప్పు?

1956లో మద్రాసులో మొదలైన అధ్యయనం, క్షయరోగికి శానిటోరియం అక్కర్లేదనీ, ఇంటిదగ్గరే మందులు మింగినా దాదాపు అంతే గుణం కనిపిస్తుందనీ రుజువు చేసింది. 1959లో బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. రోగి ఇంట్లోనే ఉండవచ్చని తేలిన నాడే, అతణ్ణి కనిపెట్టి ఉండే బాధ్యత కూడా వచ్చిపడింది.

ప్రయోగశాలల పనిమీదా ఆరా ఉంటుంది. చూసిన కళ్ళె స్లైడుల్లో కొన్నిటిని, మొదటి ఫలితం చెప్పకుండా మరొకరిచేత చదివిస్తారు. ఇద్దరి లెక్కా కలవకపోతే లోపం బయటపడుతుంది. అది అధికారుల పని. మన పని నాలుగు ప్రశ్నలడగడం.

ఒకటి: రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్ళె పరీక్ష చేశారా? క్షయకు రక్తంలో యాంటీబాడీలు చూసే కిట్లను 2012లోనే ప్రభుత్వం నిషేధించింది.

రెండు: మందులకు లొంగని క్షయేమోనని పరీక్షించారా? జన్యుపరీక్ష యంత్రం సుమారు రెండు గంటల్లో చెబుతుంది.

మూడు: బరువు చూసి మోతాదు నిర్ణయించారా? మామూలు క్షయకు ఆరు నెలల మందుల్లో, రెండో నెలాఖరునా, చివరా మళ్ళీ కళ్ళె చూశారా?

నాలుగు: పేరు నిక్షయ్‌లో నమోదైందా? నమోదైతేనే పోషకాహారానికి నెలనెలా డబ్బు అందుతుంది. 2018లో 500 రూపాయలతో మొదలై, 2024 నవంబరు నుంచి 1,000 అయింది. ప్రైవేటు వైద్యుల దగ్గర చూపించుకునేవారికీ ఇది వర్తిస్తుంది.

జవాబు సరిగా రాకపోతే జిల్లా క్షయ అధికారికి చెప్పండి. ఇది తగువు కాదు, సాయం. చెప్పేవారు లేకపోతే లోపం లోపంగానే ఉండిపోతుంది.

మా తమ్ముడికి మళ్ళీ మొదటినుంచీ పరీక్షలు, మందులూ. ఇప్పుడు నాలుగో నెల. మాత్ర మింగగానే మా పిన్ని గోడమీది తెలుగు కేలండరులో తిథి పక్కన గీత పెడుతోంది. మొదటిసారే ఎవరో ఒకరు ఆ గీతలు లెక్కపెట్టి ఉంటే ఎంత బాగుండేది!